ఓవర్‌హీట్ అయిన ఇంజను పని: చేయవలసినవి – చేయకూడనివి

వేసవి సెలవులకు భిలాయిలోని రుఆబాంధా నుంచి విజయనగరానికో శ్రీకాకుళానికో కారులో బయలుదేరే మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా పట్టే దారి ఒకటే: ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగ్‌దల్‌పూర్, కొరాపుట్, చివర సాలూరు ఘాట్. ఐదు వందల కిలోమీటర్లు దాటిన దారి. కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను, పైన మే నెల ఎండ, లోపల ఏసీ. ఇంజనుకు అసలు పరీక్ష ఘాట్ ఎక్కేటప్పుడే. రేడియేటర్‌లో నీళ్ళు తగ్గినా, ఫ్యాన్ తిరగకపోయినా, వాటర్ పంపు కారినా అక్కడే బయటపడుతుంది. గమనించకుండా ఇంకో పది కిలోమీటర్లు లాగితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, హెడ్ వంగుతుంది, ఒక్కోసారి పిస్టన్లు పట్టేసి ఇంజనే జామ్ అవుతుంది.

1959 ఫిబ్రవరి 4న ఉక్కు ప్లాంటులో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన నాటి నుంచి భిలాయి ఇనుముతో, వేడితో బతుకుతున్న ఊరు. యంత్రం విప్పి బిగించగల చేతులు మన సెక్టర్‌లో వీధి వీధినా ఉన్నాయి. అందుకే చాలామంది కారును క్వార్టర్ ముందరి షెడ్డులోనే విప్పేస్తారు. పని తెలిసి ఉండటం మంచిదే. కానీ ప్లాంటులో పర్మిట్, షట్‌డౌన్, హెల్మెట్, బూట్లు లేనిదే స్పానర్ ముట్టని మనిషి, ఇంటికి వచ్చాక లుంగీతో, చెప్పులతో కారు కిందికి దూరుతున్నాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఈ పనిలో హాని చేసేవి చాలావరకు కంటికి కనబడవు. మూత కింద అణిగి ఉన్న ఆవిరి కనబడదు. పొగగొట్టంలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. హెడ్ వంపు వెంట్రుక మందం కూడా ఉండదు. జాకీ జారే క్షణం దాకా గట్టిగానే కనిపిస్తుంది. అందుకని మొదటి నుంచి చివరి దాకా సూత్రం ఒకటే: కంటిని కాదు, కొలతను నమ్మండి.

1. దారిలో సూది ఎర్రగీత వైపు కదిలితే

చేయవలసినవి
- సూది మామూలు చోటు దాటి పైకి పోతోందంటే వెంటనే ఏసీ ఆపి, హీటర్ వేడి పూర్తిగా పెట్టి, బ్లోయర్ తిప్పండి. లోపల కూర్చున్నవాళ్ళకు కష్టమే, కానీ ఇంజను వేడి కొంత అటు పోతుంది. చోటు దొరకగానే పక్కకు ఆపండి.
- ఎర్రగీత తాకినా, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చినా ఇంజను కట్టేయండి. పిల్లల్ని, పెద్దవాళ్ళను దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. ఘాట్ మలుపులో ఆగితే త్రిభుజాకారపు ఎర్ర గుర్తు వెనుక దూరంగా పెట్టి, చక్రాలకు రాళ్ళు వేయండి.
- కనీసం ముప్పావు గంట ఆగండి. రేడియేటర్ పై గొట్టం చేత్తో హాయిగా పట్టుకోగలిగినప్పుడే మూత సంగతి చూడండి.

చేయకూడనివి
- వేడి మీద రేడియేటర్ మూత తిప్పవద్దు. ఈ మూత ప్రెషర్ కుక్కర్ మూత లాంటిది. 0.9 బార్ అని రాసి ఉన్న మూత కింద నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు, సుమారు 118 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి. మూత వదులైన మరుక్షణం ఒత్తిడి పడిపోయి, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.
- మండుతున్న ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించవద్దు. బ్లాకు గానీ హెడ్ గానీ పగిలిపోతుంది.
- సూది కిందికి దిగింది కదా అని మళ్ళీ బయలుదేరవద్దు. నీళ్ళు పూర్తిగా కారిపోతే సెన్సర్‌కు నీరు తగలదు, ఉత్త గాలే తగులుతుంది. అప్పుడు సూది తప్పుగా కింద చూపిస్తుంది, ఇంజను మాత్రం లోపల కాలుతూనే ఉంటుంది.
- "నెమ్మదిగా ఊరి దాకా పోదాం" అనవద్దు. లారీ మీద ఎక్కించి తేవడానికయ్యే ఖర్చు, ఫుల్ ఇంజను పనికి (ఇంజను మొత్తం విప్పి బాగుచేయడానికి) అయ్యే ఖర్చు ముందు ఏమీ కాదు.

2. విప్పే ముందు

చేయవలసినవి
- బ్యాటరీ నెగటివ్ వైరు ముందుగా తీయండి. చాలా కార్లలో రేడియేటర్ ఫ్యాన్ తాళం తీసేసినా తిరగగలదు. ఇంజను వేడిగా ఉంటే చెప్పకుండా మొదలవుతుంది.
- అన్ని స్పార్క్ ప్లగ్గులూ విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పి చూడండి. సిలిండర్‌లోకి నీళ్ళు దిగి ఉంటే ప్లగ్గు రంధ్రాల్లోంచి చిమ్ముతాయి. ముఖం పక్కకు పెట్టండి.
- హెడ్ విప్పే ముందే పరీక్షలు చేయించండి: కంప్రెషన్, కూలింగ్ లైన్‌కు గాలి ఒత్తిడి, రేడియేటర్‌లోకి పొగ వస్తోందేమో చూసే నీలి ద్రవం పరీక్ష. ఆ నీలి ద్రవం పసుపు రంగుకు మారిందంటే సిలిండర్ పొగ నీళ్ళలోకి దూరుతోందన్నమాట. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలటీ రంగు తరక కనిపిస్తే నీళ్ళు ఆయిల్‌లో కలిశాయి. అంటే బేరింగులు కూడా చూడాల్సిందే.
- పెట్రోల్ లైను ఒత్తిడి దించాకే పైపు విప్పండి. సీఎన్‌జీ కారైతే సిలిండర్ వాల్వ్ మూసి, గ్యాస్ పైపుల పని అధీకృత వర్క్‌షాపుకే వదిలేయండి. ఆ సిలిండర్‌లో ఒత్తిడి 200 బార్.

చేయకూడనివి
- ఇంజను తిరగకపోతే పదే పదే సెల్ఫ్ కొట్టవద్దు, తోయించి స్టార్ట్ చేయవద్దు. నీళ్ళు అణగవు. పిస్టన్ పైకి వచ్చే దారిలో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. హెడ్ గ్యాస్కెట్‌తో తీరిపోవాల్సిన పని ఫుల్ ఇంజను పని అవుతుంది.
- కొత్త డీజిల్ కార్ల కామన్ రైల్ పైపుల్లో లీకు ఉందేమోనని వేలు పెట్టి చూడవద్దు. అక్కడి ఒత్తిడి 1,600 బార్ దాకా పోతుంది. సన్నని ధార చర్మం చీల్చుకుని లోపలికి దిగిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా ఆపరేషన్ దాకా పోయే గాయమది.
- ఏసీ గొట్టాలు విప్పి గ్యాస్ గాల్లోకి వదలవద్దు. చర్మానికి తగిలితే మంచు గాయం అవుతుంది. ఏసీ మెకానిక్‌తో ముందే తీయించండి.

3. కారు ఎత్తడం, ఇంజను దించడం

చేయవలసినవి
- జాకీ కారును ఎత్తడానికి మాత్రమే. కారు నిలబడాల్సింది ఇనుప స్టాండుల మీద. గచ్చు నేల మీద స్టాండులు వేసి, కిందికి దూరే ముందు కారును గట్టిగా ఊపి చూడండి.
- నాలుగు సిలిండర్ల ఇంజను గేర్‌బాక్సుతో కలిపితే నూరు కిలోలు దాటుతుంది. కాళ్ళున్న ఇంజను హాయిస్టు అద్దెకు తెచ్చుకోండి. చైన్ కుప్పీ (చైన్ పుల్లీ బ్లాకు) వాడితే దాని మీద రాసిన బరువు పరిమితి చదవండి. హుక్కు నాలుక మూసుకుంటోందో లేదో చూడండి.
- స్టీలు ముక్కున్న బూట్లు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. ప్లాంటులో ఏవి వేసుకుంటారో ఇక్కడా అవే.

చేయకూడనివి
- ఇటుకలు, సిమెంటు దిమ్మలు, చెక్క పెట్టెల మీద కారు నిలబెట్టవద్దు. దిమ్మ చెప్పి పగలదు.
- వేప కొమ్మకో, పోర్టికో పైపుకో, రేకుల షెడ్డు దూలానికో చైన్ వేలాడదీయవద్దు. ఆ రేకులు ఎండకూ వానకూ వేసినవి, వేలాడే బరువుకు కాదు.
- వేలాడుతున్న ఇంజను కిందికి చెయ్యి, కాలు పోనివ్వవద్దు. మౌంటు బోల్టు రంధ్రాలు కలిశాయా అని వేలు పెట్టి చూడవద్దు. ఊచతో చూడండి.

4. శుభ్రం చేసేటప్పుడు

మన ఊళ్ళో ఎక్కువమంది తేలిగ్గా తీసుకునే చోటు ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. విప్పిన సామాన్లను పెట్రోల్‌తో కడగడం చాలా షెడ్డుల్లో అలవాటు. పెట్రోల్ ఆవిరి గడ్డకట్టే చలిలోనే అంటుకోగలదు. ఆ భయంతోనే కొందరు కిరోసిన్‌కో డీజిల్‌కో మారతారు. శీతాకాలంలో అది కొంత నయం. కానీ మన దేశ ప్రమాణాల్లో కిరోసిన్‌కూ డీజిల్‌కూ ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రతగా పెట్టింది 35 డిగ్రీలు. మే నెలలో భిలాయి మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు తాకుతుంది, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. అంటే ఆ వేళలో పళ్ళెంలో పోసిన కిరోసిన్ పైన కూడా నిప్పు అంటుకునే ఆవిరి లేచి ఉండవచ్చు. పెట్రోల్ కాదు కదా అనే ధైర్యం వేసవిలో చెల్లదు.

చేయవలసినవి
- నీళ్ళలో కలిపి వాడే డీగ్రీజర్‌తో కడగండి. కిరోసిన్ తప్పనిసరైతే ఉదయం చల్లని వేళ, ఆరుబయట, కొద్దికొద్దిగా పోసుకుని, మూత ఉన్న పళ్ళెంలో వాడండి.
- ఏబీసీ రకం మంటలార్పే సిలిండర్ చేతికి అందే దూరంలో, ఇసుక బకెట్ పక్కనే ఉండాలి. సిలిండర్ మీటరు ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూసుకోండి.
- పాత గ్యాస్కెట్ తడిపి, ప్లాస్టిక్ లేదా చెక్క గరిటెతో గీకండి. పాత మోడళ్ళ గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. మాస్కు పెట్టుకోండి.
- తీసిన కూలెంట్‌ను వెంటనే మూత బిగించిన డబ్బాలో పోసి, పేరు రాసి, ఎత్తున పెట్టండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, పిల్లలూ కుక్కలూ నాకుతారు. పెద్దవాళ్ళకే సుమారు 100 మిల్లీలీటర్లు ప్రాణాంతకం.

చేయకూడనివి
- కూలెంట్‌నూ, ఆయిల్‌నూ మంచినీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో పోయవద్దు. పాత ఆయిల్‌ను మురుగు కాలవలో పారబోయవద్దు. పాత ఆయిల్ సేకరించేవాళ్ళకు ఇవ్వండి.
- కడిగే చోట దీపం, బీడీ, గ్రైండరు, వెల్డింగు ఉండకూడదు. చేతి దీపంగా 230 వోల్టుల బల్బు వాడవద్దు, బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ చాలు.
- హెడ్ ముఖాన్ని గ్రైండరుకు తగిలించిన గరుకు చక్రంతో రుద్దవద్దు. అల్యూమినియం పల్లాలు పడుతుంది. రాలిన గరుకు పొడి ఆయిల్ దారుల్లో చేరి కొత్త బేరింగులను తినేస్తుంది.
- ఇంజనుకు మంట అంటుకుని ఉంటే, నల్లగా కరిగి జిగటగా మారిన రబ్బరు సీళ్ళను ఉత్త చేతులతో ముట్టవద్దు. కొన్ని రకాల సీళ్ళు కాలితే ఎముక దాకా దిగే ఆమ్లం మిగులుతుంది.

5. కొలతలు, మెషిన్ షాపు

అల్యూమినియం హెడ్ వేడికి పోత ఇనుప బ్లాకు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. బోల్టులు పట్టి ఉంచడంతో సాగడానికి చోటు లేక నడుము ఎత్తుతుంది. చల్లారాక కూడా ఆ వంపు పూర్తిగా పోదు. దాన్ని చూసే పద్ధతి ఇది: శుభ్రం చేసిన హెడ్‌ను తిరగేసి, నాణ్యమైన స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలువుగా రెండు అంచుల వెంట, మధ్యలో అడ్డంగా, మూల నుంచి మూలకు రెండు వైపులా పెట్టాలి. ప్రతి చోటా 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ రేకును కింద దూర్చి చూడాలి. రేకు ఎక్కడైనా దూరితే అక్కడ కాగితం మీద గుర్తు పెట్టాలి. చాలా చిన్న కార్ల హెడ్‌కు ఉండే హద్దు అంతే. మీ మోడల్‌కు హద్దెంతో మాన్యువల్ చూసి ఖాయం చేసుకోండి. బ్లాకు పై ముఖాన్నీ ఇలాగే చూడాలి. హెడ్ మాత్రమే వంగిందనుకోవడం పొరపాటు.

చేయవలసినవి
- హెడ్ ఫేసింగ్‌కు ముందే వేడి నీళ్ళలో ముంచి, గాలి ఒత్తిడి పెట్టి, బుడగలు వస్తున్నాయేమో చూసే పరీక్ష అడగండి. వాల్వ్ సీట్ల మధ్య సన్నని పగుళ్ళు దీనితోనే దొరుకుతాయి.
- హెడ్ గట్టిదనం కూడా కొలిపించండి. అతిగా కాలిన అల్యూమినియం మెత్తబడుతుంది. ఎంత బాగా ఫేసింగ్ చేసినా మెత్తబడిన హెడ్ బోల్టుల బిగువును నిలబెట్టుకోదు. అలాంటప్పుడు హెడ్ మార్చడమే మంచిది.
- సిలిండర్ బోరును పైన, నడుమ, కింద, రెండు దిక్కుల్లో కొలిపించండి. పిస్టన్ పక్కల గీతలు, బిగువు పోయిన రింగులు, గట్టిపడిన వాల్వ్ సీళ్ళు, థర్మోస్టాట్, వాటర్ పంపు ఒక్కొక్కటీ చూడండి.
- ప్రతి కొలతా ఒక పుస్తకంలో రాయండి. హాఫ్ ఇంజను పనా, ఫుల్ ఇంజను పనా అన్నది ఆ అంకెలే చెప్పాలి.

చేయకూడనివి
- ఇంజను ఎందుకు వేడెక్కిందో తేల్చకుండా బిగించవద్దు. పూడిన రేడియేటరో, కాలిన ఫ్యాన్ రిలేనో అలాగే ఉంటే కొత్త గ్యాస్కెట్ కూడా తర్వాతి ఘాట్ దాటదు.
- మాన్యువల్ హద్దు దాటి హెడ్ చెక్కించవద్దు. కంప్రెషన్ పెరిగి ఇంజను కొట్టుకుంటుంది, కొన్ని మోడళ్ళలో వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.
- "మన ఎండలకు వాల్వ్ తీసేద్దాం" అని మిస్త్రీ థర్మోస్టాట్ తీసేస్తానంటే ఒప్పుకోవద్దు. కొన్ని ఇంజన్లలో అది లేకపోతే నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి, వేడి ఇంకా పెరుగుతుంది. మిగతావాటిలో ఇంజను తగినంత వేడెక్కక పెట్రోల్ ఆయిల్‌లో కలిసి, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

6. బిగించేటప్పుడు

చేయవలసినవి
- హెడ్ బోల్టులు దిగే రంధ్రాల్ని గాలితో ఊది, గుడ్డతో తుడిచి, అడుగు దాకా ఆరబెట్టండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఒక చెంచా ఆయిలో నీళ్ళో మిగిలినా చాలు. బోల్టు దిగుతుంటే అది పక్కకు పోలేక బ్లాకునే చీలుస్తుంది. పైగా టార్క్ రెంచి క్లిక్‌మంటుంది, హెడ్ మాత్రం పట్టి ఉండదు.
- ఒకసారి సాగే రకం బోల్టులైతే కొత్తవే వేయండి. మాన్యువల్ చెప్పిన వరసలో, మధ్య నుంచి అంచులకు, విడతలవారీగా టార్క్ రెంచితో బిగించి, చెప్పిన కోణం తిప్పండి.
- గాలి ఊదేటప్పుడు, వాల్వ్ స్ప్రింగులు, పిస్టన్ పిన్ను లాకులు వేసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకునే ఉండండి.

చేయకూడనివి
- "చేతి అంచనా చాలు" అని రాడ్డు పెట్టి లాగవద్దు. పాత గ్యాస్కెట్‌కు పేస్టు పూసి మళ్ళీ వేయవద్దు.
- కంప్రెసర్ గాలితో ఒంటి మీది దుమ్ము దులుపుకోవద్దు. కంట్లోకి, చర్మం లోపలికి గాలి దూరుతుంది.
- రేకుల షెడ్డులో నడి మధ్యాహ్నం పని పెట్టుకోవద్దు. వడదెబ్బ తగిలిన చేయి టార్క్ అంకె కూడా తప్పు చదువుతుంది. ఉదయమే మొదలుపెట్టి, మజ్జిగ తాగుతూ పది గంటలకల్లా ఆపండి.

7. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

2014 జూన్ 12న మన ప్లాంటులో పంప్ హౌస్ దగ్గర గ్యాస్ లీకై ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్. కారు పొగగొట్టంలోంచి వచ్చేదీ అదే వాయువు. ఆ రోజును మరచిపోని ఊళ్ళో, షట్టరు దించిన షెడ్డులో ఇంజను నడిపి చూడటం ఎంత మాత్రం తగదు.

చేయవలసినవి
- కారును ఆరుబయటికి తోయించండి. పొగగొట్టం కిటికీల వైపు కాకుండా వీధి వైపు ఉండాలి. పక్క క్వార్టర్ వాళ్ళకు చెప్పండి.
- సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి, హీటర్ తెరిచి, గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా నింపండి.
- ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఆయిల్ దీపం ఆరేదాకా కొద్ది సెకన్లు మాత్రమే, మధ్యలో ఆపుతూ సెల్ఫ్ కొట్టండి. ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేశాక ఆ దీపం ఆరకపోతే వెంటనే కట్టేయండి.
- ఫ్యాన్ తనంతట తాను తిరిగి ఆగేదాకా సూది మీదే కన్ను ఉంచండి. చల్లారాక నీళ్ళ మట్టం మళ్ళీ చూడండి.
- మొదటి 1,000 కిలోమీటర్లలో బరువు, వేగం తగ్గించి, ఒకసారి ఆయిల్ మార్చాకే ఘాట్ దారి పట్టండి.

చేయకూడనివి
- వడగాలికని మెడకు చుట్టుకున్న గంఛాతో, వేలాడే చొక్కా చేతులతో, చీర కొంగుతో తిరుగుతున్న బెల్టు మీదికి వంగవద్దు. స్టార్ట్ చేసే ముందు గంఛా తీసి పక్కన పెట్టాల్సిందే.
- తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం ఎండ వల్లే అనుకోవద్దు. ఇంజను కట్టేసి, అందరూ గాలి ఉన్న చోటికి పోండి.

ప్రమాదం జరిగితే

- కాలితే 20 నిమిషాలు పారే మామూలు నీళ్ళ కింద ఉంచండి. ఉంగరం, వాచీ వాపు రాకముందే తీయండి. అంటుకుపోయిన బట్ట లాగవద్దు. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు, వెన్న పూయవద్దు. సెక్టర్ 9 ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక విభాగం ఉంది. మొహం, చేతులు, కీళ్ళు కాలితే ఆలస్యం చేయకుండా అక్కడికే తీసుకుపోండి. అంబులెన్సుకు 108.
- కూలెంట్ మింగితే వాంతి చేయించవద్దు. ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్ళండి. మొదట్లో మనిషి బాగానే కనిపించవచ్చు, అందుకని ఆగవద్దు.
- కంట్లో ఏది పడినా 15 నిమిషాలు నీళ్ళతో కడిగి డాక్టరుకు చూపించండి.
- గ్యాస్‌కు సొమ్మసిల్లిన మనిషి కోసం మూసిన షెడ్డులోకి ఒక్కరే దూరవద్దు. ముందు తలుపులన్నీ తెరవండి, ఇంకొకరిని కేక వేయండి.

చివరగా ఒక మాట. ప్లాంటు గేటు దగ్గర హెల్మెట్ లేనివాణ్ణి ఆపడానికి మనిషి ఉంటాడు. ఇంటి షెడ్డు దగ్గర ఎవరూ ఉండరు. కాబట్టి పని మొదలుపెట్టే రోజే భార్యనో, ఎదిగిన కొడుకునో కూతురినో ఆ బాధ్యతకు పెట్టండి. స్టాండు లేకుండా కారు కిందికి దూరినా, అద్దాలు లేకుండా స్ప్రింగు నొక్కినా "ఆపండి" అనే హక్కు వాళ్ళకు ఇవ్వండి. వాళ్ళు ఆపమన్నప్పుడు, ఎంత అనుభవం ఉన్న మిస్త్రీ అయినా ఆపాలి. ఊరికి పోవడం ఒక వారం ఆలస్యమైతే అవనీయండి, ఇంటిల్లిపాదీ క్షేమంగా ఆ ఘాట్ దాటాలి.